పలచబడిన పొడి జుట్టుకు ఏ తలంటు సరుకు: ప్రాజెక్టు డైరీ

జుట్టు మా అమ్మది, కొలతలు నావి. అమ్మకు అరవై దాటాయి. వెంట్రుక సన్నం, పొడి. పాపిడి దగ్గర మాడు కనబడేంత పలచన. నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో వాడకానికి బోరు నీళ్లు, రోజు విడిచి రోజు నల్లా నీళ్లు. ఇలాంటి తల, ఇలాంటి నీళ్లు ఉన్నవాళ్లు కింది కొలతలను యథాతథంగా తీసుకోవచ్చు. జిడ్డు తల ఉన్నవాళ్లకు ఇవి సరిపోవు.

ముందే ఒక హద్దు గీసుకున్నాం. తలంటు సరుకు జుట్టు మొలిపించదు. థైరాయిడ్, ఇనుము లోపం, నెలసరి ఆగాక వచ్చే మార్పులు, పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు రాలడం, ఇవన్నీ కుదురు లోపలి సంగతులు. వాటికి చర్మవైద్యుడు రాసిన రక్తపరీక్షలు అయ్యాయి, మందులు వేరుగా నడుస్తున్నాయి. ఈ డైరీ మాడు దాటి బయటకు వచ్చిన వెంట్రుక గురించి మాత్రమే: దాన్ని విరగకుండా, చిక్కుపడకుండా ఎలా కడగాలి?

లెక్కించే పద్ధతి

1. తలంటిన రోజు ఒకే దువ్వెన వాడాలి. స్నానాల గది జాలీ మీద పడినవీ, దువ్వెనకు వచ్చినవీ కలిపి ఒక కవరులో వేయాలి.
2. నెరిసిన వెంట్రుకలను నల్ల అట్ట మీద, నల్లవాటిని తెల్ల కాగితం మీద పరవాలి. అమ్మ జుట్టు సగానికి పైగా నెరిసింది కనుక తెల్ల కాగితం మీద ఏమీ కనబడదు.
3. ఒక కొసన తెల్లని చుక్కలా కుదురు ఉంటే 'ఊడింది' ఖాతాలో, లేకుంటే 'విరిగింది' ఖాతాలో రాయాలి.

మొదలుపెట్టినప్పుడు తలంటు రోజున ఊడినవి సుమారు 45, విరిగినవి సుమారు 70. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం మామూలే. కాబట్టి నా కన్ను రెండో ఖాతా మీద పడింది. ఇంట్లో అందరూ 'జుట్టు ఊడుతోంది' అంటున్నదాంట్లో ఎక్కువ భాగం నిజానికి విరుగుతోంది.

కాలేజీ వృక్షశాస్త్ర ల్యాబులో సూక్ష్మదర్శినికి గీతల స్కేలు ఉంది. దాని కింద అమ్మ వెంట్రుక మందం 50 మైక్రాన్ల దగ్గర, నాది 75 దగ్గర తేలింది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నాకు పనికొచ్చిన సరుకు అమ్మకు ఎందుకు పనికిరావడం లేదో ఈ రెండు అంకెలు కొంత చెప్పాయి. సన్నని వెంట్రుక తడిసినప్పుడు చిన్న లాగుడుకే తెగుతుంది.

మొదటి దశ: నీళ్లు

సరుకు కొనకముందే నీళ్లు కొలవడం మంచిది. శుద్ధి యంత్రం బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి బోరు నీళ్లలో మీటరు ముంచి, "టీడీఎస్ ఏడు వందలు మేడమ్, బాగా గట్టి నీళ్లు" అన్నాడు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నింటి మొత్తం. మామూలు ఉప్పు కూడా అందులో లెక్కకు వస్తుంది. జుట్టుకు అడ్డం వచ్చేది కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం. దానికి చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కిట్ వేరే ఉంటుంది. దానితో తేలిన కఠినత్వం:

- బోరు నీళ్లు: లీటరుకు సుమారు 480 మి.గ్రా.
- నల్లా నీళ్లు: లీటరుకు సుమారు 150 మి.గ్రా.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా మంచిది, వేరే దారి లేకుంటే 600 దాకా ఒప్పుకోవచ్చు. అంటే మా బోరు ప్రమాణం ప్రకారం తప్పు చేయడం లేదు, జుట్టుతోనే దానికి పేచీ. ఈ తేడా మన ఊరి నేల తెచ్చిందే. నల్లాలో వచ్చేది కాకతీయ కాలువ మీదుగా ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులకు చేరే గోదావరి నీరు. బోరు నీరు నల్లరాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి లవణాలను కరిగించుకున్నది.

తర్వాత సగం తల పరీక్ష. పాపిడికి ఎడమవైపు బోరు నీళ్లు, కుడివైపు నల్లా నీళ్లు, రెండు వైపులా ఒకే కుంకుడు రసం.

"ఒక్క తలకు రెండు న్యాయాలేమిటి బిడ్డా?" అంది అమ్మ. అయినా కూర్చుంది.

ఎడమవైపు మెడ దగ్గర దువ్వెన ఆగిపోయింది. విరిగినవాటిలో మూడింట రెండు వంతులు ఆ వైపువే. సంబరపడదామనుకునేలోగా అమ్మ ఎడమవైపు తిరిగి పడుకుంటుందని గుర్తొచ్చింది. దిండు రాపిడి ఎంత, నీళ్ల పాపం ఎంత? మరోసారి నీళ్లను అటూ ఇటూ మార్చి చేశాం. తేడా తగ్గింది కానీ బోరు నీళ్ల వైపే ఎక్కువ విరిగాయి. అప్పటి నుంచి ఆఖరి కడుగు నల్లా నీళ్లతోనే. నల్లా వచ్చే రోజే తలంటు రోజు.

ఖర్చు: కఠినత్వం కిట్ 450. ఇప్పటిదాకా మొత్తం: 450 రూపాయలు.

రెండో దశ: కుచ్చుల మీద పరీక్ష

ప్రతి సరుకునూ అమ్మ తల మీద పరీక్షిస్తే ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయి. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు వస్తే ఇద్దామని అమ్మ కిటికీ చువ్వకు ఒక కవరు కట్టి ఉంచుతుంది. దాన్ని అడిగి తీసుకున్నాను. రెండేసి గ్రాముల కుచ్చులు చేసి, దారంతో కట్టి, ఒక్కొక్కటి ఒక్కో సరుకుతో కడిగాను.

ఈ పరీక్ష మొత్తం పనికిరాకుండా పోయింది. దేనితో కడిగినా కుచ్చు ఉండచుట్టుకుపోయింది. కారణం సరుకులో లేదు. వెంట్రుక పైన పొలుసులు కుదురు నుంచి కొస వైపు వాలి ఉంటాయి. దువ్వెన కవరులో కొన్ని వెంట్రుకలు తిన్నగా, కొన్ని తలకిందులుగా ఉంటాయి. ఎదురెదురు పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని దేనితో కడిగినా చిక్కే. సవరాల వ్యాపారులు కుదుళ్లన్నీ ఒకవైపు ఉన్న జుట్టుకు ఎక్కువ ధర పెట్టేది ఇందుకే.

మార్చింది ఇదీ: కుదురు చుక్క ఉన్నవాటినే ఏరి, చుక్కలన్నీ ఒకే వైపు వచ్చేలా పేర్చడం. భూతద్దం పట్టుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, అమ్మే ఏరింది. విసుగు పుట్టించే పనే, కానీ దాని తర్వాతే కుచ్చులు మాట విన్నాయి.

నూనె పరీక్ష మెట్లు:

1. ఆరిన కుచ్చును నగల త్రాసులో తూచాలి. గ్రాములో నూరో వంతు చూపించే త్రాసు చాలు.
2. 0.40 గ్రాముల కొబ్బరి నూనె సమంగా పట్టించాలి.
3. 10 మి.లీ. సరుకుతో ఒకే తీరుగా వేళ్లతో దూసి, నల్లా నీళ్లతో కడగాలి.
4. ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనిచ్చి తూచాలి. మొదటి బరువు కంటే ఎంత ఎక్కువ ఉంటే అంత నూనె మిగిలినట్టు.

నాలుగో మెట్టులో ఒక తిరకాసు ఉంది. ముసురు పట్టిన రోజు కుచ్చులన్నీ బరువెక్కాయి. నూనె తగలని కుచ్చు కూడా 0.08 గ్రాములు పెరిగింది. గాలిలో తేమ ఎక్కువైతే వెంట్రుక ఆ నీటిని పీల్చుకుంటుంది. అందుకే ఏ సరుకూ తగలని కుచ్చు ఒకటి పక్కన పెట్టి, అది ఎంత పెరిగితే అంత మిగతావాటి నుంచి తీసేయాలి. ఇది చేయకపోతే వానాకాలం లెక్కలన్నీ తప్పుతాయి.

ఖర్చు: త్రాసు 350. మొత్తం: 800.

మూడో దశ: పీహెచ్

పీహెచ్ అంటే పులుపునూ క్షారాన్నీ కొలిచే అంకె: 7 తటస్థం, కిందికి పోయేకొద్దీ పులుపు, పైకి పోయేకొద్దీ క్షారం. వెంట్రుక ఉపరితలం మీద విద్యుదావేశం తటస్థంగా ఉండేది పీహెచ్ 3.7 దగ్గర. మాడు చర్మం 5.5 దగ్గర ఉంటుంది. అంతకంటే క్షారం వైపు పోయేకొద్దీ వెంట్రుక మీద రుణావేశం పెరుగుతుంది, పొలుసులు లేస్తాయి, ఒకదానికొకటి రాసుకోవడం ఎక్కువవుతుంది. సన్నని జుట్టుకు ఈ రాపిడే శత్రువు.

రంగు మారే కాగితాలు కొన్నాను. కుంకుడు రసం, శీకాయ కషాయం రెండూ గోధుమ రంగే. కాగితం ముంచగానే రసం రంగే దానికి అంటుకుంది, చదవడానికి ఏమీ మిగల్లేదు. నీళ్లు కలిపి పలచన చేస్తే రంగు తగ్గుతుంది, కానీ అప్పుడు కొలిచేది ఆ నీళ్ల పీహెచ్‌ను కూడా. కాగితాలు పక్కన పెట్టి పెన్ను లాంటి మీటరు తెప్పించాను. దానితో వచ్చే పొడి పొట్లాలను కలిపి 4.00, 6.86 దగ్గర సరిచేసుకోకుండా ఏ అంకెనూ నమ్మొద్దు. మా మీటరు పెట్టెలోంచి తీసినప్పుడు అర పాయింటు అటూ ఇటూగా ఉంది.

ఖర్చు: కాగితాలు 120, మీటరు 650. మొత్తం: 1,570.

నాలుగో దశ: పోటీలో నిలిచినవి, పోయినవి

కుచ్చులో మొదట ఉన్న నూనె 0.40 గ్రాములు. కడిగాక ఎంత మిగిలిందో పక్కన రాస్తున్నాను. మరీ తక్కువ మిగిలితే పొడి జుట్టుకు దెబ్బ, మరీ ఎక్కువ మిగిలితే సన్నని జుట్టు మాడుకు అతుక్కుపోతుంది. 0.10 నుంచి 0.15 మధ్య మిగిలినదే అమ్మ తలకు కుదిరింది.

*శీకాయ పేరున్న సబ్బు బిళ్ల.* పీహెచ్ 9.8. బోరు నీళ్లతో కడిగిన కుచ్చులో 0.22 మిగిలింది. గోటితో గీకితే తెల్లని పొడి రాలింది. అది నూనె కాదు, సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి కట్టిన తెట్టు. బకెట్టు అంచున గీతలా కట్టేదే ఇదీ. రేపర్ మీద కాయ బొమ్మ ఎంత పెద్దగా వేసినా లోపల ఉన్నది సబ్బే. కొట్టివేత.

*'సల్ఫేట్ లేదు' అని పెద్దక్షరాలతో రాసిన సీసా.* ఖరీదైన సరుకు. మిగిలింది 0.03. మొత్తం పరీక్షలో ఇంతగా గుంజింది మరొకటి లేదు. వెనక చీటీలో నీళ్ల తర్వాతి పేరు సోడియం సి14-16 ఒలెఫిన్ సల్ఫోనేట్. సల్ఫేట్లు అంటే మామూలు షాంపూల్లో జిడ్డును గట్టిగా లాగే నురగ పదార్థాలు. ఇది సల్ఫేట్ కాదన్న మాట నిజమే. కానీ జిడ్డు లాగడంలో దానికేమీ తీసిపోదు. చీటీలో పదార్థాలు పరిమాణం ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా ఉంటాయి. ముందు వైపు వాగ్దానం చదవకండి, వెనక వైపు మొదటి నాలుగైదు పేర్లు చదవండి.

*మందుల షాపు సీసా, వాసన లేనిది.* నీళ్ల తర్వాత కోకమిడోప్రొపైల్ బీటైన్, ఆ తర్వాత సల్ఫోసక్సినేట్. రెండూ జిడ్డును మెల్లగా తీసే రకాలు. పీహెచ్ 5.4. మిగిలింది 0.12. నురగ తక్కువ. "ఇది పట్టిందా లేదా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. నురగకూ శుభ్రతకూ సంబంధం తక్కువని ఎంత చెప్పినా సబ్బు బిళ్లలతో పెరిగిన తరానికి చేతికి నురగ తగలకపోతే తల అంటినట్టు ఉండదు. నిలిచింది.

*సిలికాన్ ఉన్న 'మృదువైన' సీసా.* పక్కింటి అక్క ఇచ్చి చూడమన్నది. మొదటిసారి పట్టులా ఉంది. వాడేకొద్దీ జుట్టు బరువెక్కి మాడుకు అంటుకుని మరింత పలచగా కనబడింది. ఒత్తు జుట్టుకు బాగుంటుందేమో. వాపసు.

*పెసరపిండి.* మిగిలింది 0.10. అంకె బాగుంది. కానీ సన్నని జుట్టులో పిండి ఇరుక్కుని, దాన్ని దులపడానికి దువ్వితే విరిగినవి పెరిగాయి. శీకాయ పొడిదీ అదే కథ. శీకాయను నానబెట్టి వడగట్టి కషాయంగా వాడితే 0.20 మిగిలింది. అంటే నూనె పెట్టని రోజుకు చాలు, తలంటుకు చాలదు.

*కుంకుడు.* అసలు సంగతి ఇక్కడే ఉంది. మా ఇంట్లో కుంకుడు రసానికి కొలత లేదు: గుప్పెడు కాయలు కొట్టి, వేడినీళ్లలో వేసి, చిక్కగా పిసికి పోయడమే. తూచి చేస్తే ఇలా వచ్చింది. గింజ తీసిన పెచ్చుల బరువు, నూరు మి.లీ. నీళ్లకు:

- 10 గ్రాములు: పీహెచ్ 4.4, మిగిలింది 0.04
- 5 గ్రాములు: పీహెచ్ 4.5, మిగిలింది 0.11
- 2.5 గ్రాములు: పీహెచ్ 4.6, మిగిలింది 0.27

పీహెచ్ దాదాపు కదల్లేదు, నూనె లాగే శక్తి మాత్రం చిక్కదనాన్ని బట్టి మారిపోయింది. కుంకుడులో పనిచేసేవి సపోనిన్లు. అవి సహజమైనవైనా జిడ్డును పట్టి లాగడమే వాటి పని. మా పాత పద్ధతి చిక్కదనం పదికి పైనే ఉంటుంది. 'కుంకుడు పడదు, జుట్టు గడ్డిలా అవుతుంది' అనేవాళ్లలో చాలామందికి పడనిది కుంకుడు కాదు, దాని మోతాదు. ఐదు గ్రాముల రసం బోరు నీళ్లలో కూడా తెట్టు కట్టలేదు. సబ్బు మీద దానికున్న పెద్ద పైచేయి అదే.

ఖర్చు: కుంకుడు 50, శీకాయ 40, సబ్బు 45, సల్ఫేట్ లేని సీసా 399, మందుల షాపు సీసా 310. మొత్తం: 2,414. పెసరపిండి వంటింటి ఖాతా.

ఐదో దశ: ఆఖరి చెంబు

ఆఖరి కడుగులో కాస్త పులుపు ఉంటే లేచిన పొలుసులు అణుగుతాయి, నీళ్ల నుంచి అంటిన కాల్షియం కొంత వదులుతుంది. నిమ్మరసం పిండితే పిప్పి జుట్టులో చిక్కుకుంటుంది, కాయకూ కాయకూ పులుపు వేరు. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు తూచడానికి వీలు.

'లీటరుకు చిటికెడు' అన్న సలహాను మీటరుతో చూస్తే తేలింది ఇదీ:

- శుద్ధి యంత్రం నీళ్లు, లీటరుకు 0.1 గ్రాము: పీహెచ్ 4.2
- నల్లా నీళ్లు, 0.3 గ్రాములు: 4.8
- బోరు నీళ్లు, 0.5 గ్రాములు: 6.0
- బోరు నీళ్లు, 1 గ్రాము: 4.3

బోరు నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్లు అనే లవణాలు పులుపును మింగేస్తాయి. అందుకే ఒకరి చిటికెడు మరొకరి ఇంట్లో పనిచేయదు. శుద్ధి యంత్రం నీళ్లలో ఒక గ్రాము వేస్తే పీహెచ్ మూడు కిందికి పోతుంది. అది మాడుకు చురుక్కుమంటుంది, కళ్లలో పడితే ఇంకా మంట. మీటరు లేనివాళ్లు నల్లా నీళ్లతో, లీటరుకు 0.3 గ్రాములతో మొదలుపెట్టండి. చెంచాలను నమ్మొద్దు. అమ్మకు రెండు లీటర్ల నీళ్లలో 0.6 గ్రాములు, తల వెనక్కి వాల్చి పోయడం.

ఖర్చు: నిమ్మ ఉప్పు 30. మొత్తం: 2,444.

ఆరో దశ: రసం నిల్వ, చేతి అలవాట్లు

వేసవిలో చేసి బయట పెట్టిన కుంకుడు రసం మర్నాటికే బుడగలు కట్టి పులిసిన వాసన వేసింది. ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ నిలుస్తుంది కానీ అలమరంతా దాని వాసనే. చివరికి ఐసు గడుల పళ్లెంలో పోసి గడ్డకట్టించాను. తలంటుకు కావలసినన్ని గడ్డలు తీసి గోరువెచ్చని నీళ్లలో వేస్తే చాలు. ఆ పళ్లెం మీద పెద్దగా 'కుంకుడు' అని రాసి అంటించండి. వేసవిలో చుట్టాలు వచ్చే ఇళ్లలో ఇది నవ్వులాట కాదు.

జారుదనం కోసం మందారాకు నూరి కలిపితే ఆకు పీచు కొసల్లో ఇరుక్కుంది. ఆకులను నీళ్లలో పిసికి జిగురు మాత్రం నైలాన్ గుడ్డలో పిండితే ఆ బాధ పోయింది.

సరుకు కుదిరాక కూడా విరిగినవి అనుకున్నంత తగ్గలేదు. స్నానం తర్వాత అమ్మ ఏం చేస్తుందో పక్కన నిలబడి చూశాను. తడి జుట్టును ముందుకు వంచి, తువ్వాలు మెలిపెట్టి టపటపా కొట్టి నీళ్లు దులుపుతుంది. తడిసిన వెంట్రుక ఉబ్బి, బలం తగ్గి ఉంటుంది. సన్నని వెంట్రుక ఆ దెబ్బకు ఆగదు. దాని బదులు పాత నూలు చీర ముక్క చుట్టి ఒత్తడం, ఆరేదాకా దువ్వెన తాకించకపోవడం. ఒక్క ఈ మార్పుకే విరిగినవి సుమారు 40 నుంచి 25కు పడ్డాయి. ఒకేసారి రెండు మార్పులు చేయకపోవడం వల్లే ఈ సంగతి బయటపడింది. సాంబ్రాణి పొగ మానమంటే మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. కుంపటి మూరెడు దూరం జరపడానికి రాజీ కుదిరింది.

ఖర్చు: నైలాన్ గుడ్డ 60, ఐసు పళ్లెం 80. మొత్తం: 2,584.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

వారానికి రెండు కడుగులు, ఒకటి కుంకుడు, ఒకటి సీసా.

1. గంట ముందు కొసలకు 3 మి.లీ. కొబ్బరి నూనె. మాడుకు వద్దు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి చేరి, కడిగేటప్పుడు మాంసకృత్తులు పోవడాన్ని తగ్గిస్తుందని, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ నూనె ఆ పని చేయలేదని 2003లో అచ్చయిన పరిశోధన ఒకటి చూపింది.
2. కుంకుడు రోజు: 5 గ్రాముల లెక్కన చేసిన రసం 150 మి.లీ., అందులో రెండు చెంచాల మందార జిగురు. కళ్లు మూసుకోవాలి, కుంకుడు మంట తెలియనిది కాదు.
3. సీసా రోజు: 5 మి.లీ. సరుకును 50 మి.లీ. నీళ్లలో కలిపి, మాడుకే పోసి వేళ్ల మెత్తలతో రుద్దాలి. కొసలకు జారే నురగ చాలు.
4. గోరువెచ్చని నీళ్లతో కడిగి, చివర నిమ్మ ఉప్పు చెంబు.
5. చీర ముక్కతో ఒత్తి, ఆరాక కొసల నుంచి పైకి దువ్వాలి.

తాజా లెక్కలో విరిగినవి 20 దగ్గర ఉన్నాయి. ఊడినవి మొదట్లో ఉన్న 45 దగ్గరే ఉన్నాయి, అవి కదలవలసింది డాక్టరు మందులకు. పాపిడి వెడల్పు మారలేదు. జడ కొస మాత్రం చీపురులా విచ్చుకోవడం తగ్గింది.

ఎండాకాలం బోరు మట్టం పడిపోయాక కఠినత్వం మళ్లీ కొలవాలి. 480 దాటితే మొదటి కడుగు కూడా నల్లా నీళ్లకు మార్చక తప్పదు. అందుకు రెండు బిందెలు అదనంగా పట్టి ఉంచుకోవాలి. పక్కింటి అక్క ఐదు గ్రాముల రసం పట్టుకెళ్లి, జిడ్డు వదలలేదని మర్నాడే వచ్చింది. ఆమెది ఒత్తైన, నూనె కారే జుట్టు. ఎనిమిది గ్రాములతో చేసి ఇచ్చాను, కబురు రావలసి ఉంది.